రెండు గుండ్రటి చుక్కలు

"ఈ బొమ్మ ఎక్కడిదక్కా?"

బుడగ ఆ మాట అడగడం ఇది మూడోసారి. మొదటిసారి మామూలుగా అడిగింది. రెండోసారి, ఏదో పొరపాటు దొర్లి ఉంటుందిలే అన్న ఆశతో నవ్వుతూ అడిగింది. ఈసారి నవ్వు లేదు.

అక్క చేతిలో గరిటె ఉంది, ఎదుట గిన్నె ఉంది, వడ్డించాలన్న ధ్యాస మాత్రం లేదు. అయినా వడ్డించడానికి చోటుంటే కదా. భోజనాల బల్ల నిండా, రేపు సదస్సులో గోడకు తగిలించవలసిన పోస్టరు పరిచి ఉంది. అది చుట్టుకుపోకుండా నాలుగు మూలలా నీళ్ళ గ్లాసులు పెట్టి, ఆ ఘనకార్యం చేసిన బావ కుర్చీ అంచున కూర్చున్నాడు. ప్రింటు షాపు నుంచి తెచ్చిందీ ఆయనే. మరదలి పేరు జానెడంత అక్షరాల్లో అచ్చయిందని మురిసిపోయి, అన్నం తినేదాకా ఆగలేక పరిచేశాడు. ఎందుకు పరిచానురా దేవుడా అని ఇప్పుడు అనుకుంటున్నాడు.

"నిన్నే అక్కా."

"ఎక్కడిదేమిటి? మన ల్యాబుదే" అంది అక్క. గరిటె గిన్నెలో పెట్టింది. మళ్ళీ తీసింది.

"ల్యాబుదని నాకూ తెలుసు. నా ప్రోబుతో తీసిందేనా, కాదా?"

బావ కుడికాలు బల్ల కింద నేలను గట్టిగా తొక్కింది. ఆయన డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాడు. పక్క సీట్లో కూర్చుని, నేర్చుకునేవాడు బండిని గోడకు గుద్దేలోగా తన వైపు బ్రేకు తొక్కడం ఆయన బతుకుతెరువు. ఇంట్లో మాటలు వేగం అందుకున్నప్పుడల్లా ఆ కాలు లేని బ్రేకు కోసం వెతుక్కుంటుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ తొక్కుతూనే ఉన్నాడు, ఒక్కసారీ బండి ఆగలేదు.

అసలు పొద్దున సర్జను గారి గదిలో జరిగిందే ఇంకా ఎవరికీ మింగుడు పడలేదు. అమ్మ కుడి రొమ్ములో గడ్డ పెరిగిందన్నారు ఆవిడ. చంకలో ఉన్న బిళ్ళ పక్కనే ఇప్పుడు ఇంకో బిళ్ళ చేతికి తగులుతోందన్నారు. రోగం ఏ బిళ్ళలోకి పాకిందో బయటినుంచి చెప్పలేను కాబట్టి అన్నీ తీసేయడమే, ఈ వారం దాటితే నా పూచీ లేదు, సాయంత్రంలోగా ఫోను చేయకపోతే మీకు అనుకున్న రోజు ఇంకొకరికి ఇచ్చేస్తాను అని కూడా చెప్పారు. అమ్మ అంతా విని, చేతిసంచి సర్దుకుని, మా పిల్లల మిషను రానివ్వండి, అప్పుడే చూద్దామని లేచి వచ్చేసింది.

అమ్మ భయం కత్తి గురించి కాదు, చెయ్యి గురించి. చంకలో బిళ్ళలన్నీ తీసేస్తే చెయ్యి వాచవచ్చని, కొందరికి ఆ వాపు జన్మంతా తగ్గదని మొదట్లోనే చెప్పారు. అమ్మ బళ్ళో బొమ్మల టీచరుగా చేసేది. ఉద్యోగం మానేసింది గానీ బొమ్మలు మానలేదు. భర్త పోయాక ఆ కుడిచేత్తోనే ఇద్దరాడపిల్లల్ని పైకి తెచ్చింది. ఆ చెయ్యి పోయాక నేనెందుకు అన్నది ఆవిడ ఒకటే మాట. రోగమున్న బిళ్ళ ఏదో లేనిది ఏదో కోయకుండానే తేల్చి చెప్పే మిషను తన కూతుళ్ళే తయారుచేస్తుంటే, ఆ తల్లి ఆగకుండా ఎలా ఉంటుంది?

ఆగమని చెప్పింది కూడా కూతుళ్ళే. నిజం చెప్పాలంటే అక్క కన్నా బుడగే ఎక్కువ చెప్పింది.

ఆమెకు ఆ పేరు పెట్టింది బావ. ధ్వనితో పని చేసేవాళ్ళకు గాలి బుడగంత శత్రువు ఇంకొకటి లేదు. ధ్వనిని లోపలికి పంపే ప్రోబుకూ శరీరానికీ మధ్య చిన్న బుడగ ఉన్నా ధ్వని అక్కడే ఆగిపోతుంది. అందుకని ల్యాబులో నీళ్ళు మరిగించి, గాలంతా పోయాక చల్లార్చి వాడతారు. ఆ అలవాటు మీద ఇంట్లో తాగే నీళ్ళ గ్లాసును కూడా వెలుగుకు ఎత్తి చూసే మనిషిని బుడగ అనక మరేమంటారు? పేరు అతుక్కుపోయింది, అసలు పేరు పోస్టర్ల మీదే మిగిలింది.

ఇప్పుడామె వేలు పోస్టరు మధ్యలో ఉన్న రెండు బొమ్మల మీద ఉంది. ఎడమవైపుది పైనుంచి చూసినప్పటి బొమ్మ. నల్లటి నేల మీద పచ్చగా మెరిసే రెండు చుక్కలు, విడివిడిగా, గుండ్రంగా. ఆ బొమ్మను ఆమె ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు, ఫోనులో కూడా పెట్టుకుంది. కుడివైపుది పక్కనుంచి చూసినప్పటి బొమ్మ. దాన్ని ఈ రోజే, ఈ బల్ల మీదే మొదటిసారి చూస్తోంది. అందులోనూ రెండు చుక్కలు. అవీ గుండ్రంగానే ఉన్నాయి.

"నా ధ్వని పోయి కుదురుకునే చోటు గుండ్రంగా ఉండదక్కా. బియ్యపు గింజలా నిలువుగా ఉంటుంది. పైనుంచి చూస్తే చుక్క. పక్కనుంచి చూస్తే గింజ. దాంతో తీసిన బొమ్మ ఏదైనా పక్కనుంచి సాగి కనిపించాలి. ఇవి ఆవగింజల్లా ఉన్నాయి."

"కంప్యూటర్లో శుభ్రం చేశాం కదే."

"బియ్యపు గింజను ఆవగింజ చేసే సబ్బు ఏదో నాకూ చెప్పు."

ల్యాబులో అక్క మాటకు తిరుగుండదు. పెద్ద పెద్దవాళ్ళు అడ్డు ప్రశ్నలు వేస్తే అడ్డంగా నిలువుగా కోసి పంపించే మనిషి. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకమని బావ వేళాకోళం చేస్తుంటాడు, ఆ మాటకొస్తే ఇంట్లో ఆడవాళ్ళిద్దరి ఉద్యోగమూ అదేగా అంటాడు. ఆ అక్క ఇప్పుడు ఇంకా వడ్డించని గరిటెను గుడ్డతో తుడుస్తోంది.

అమ్మ గదిలోంచి రేడియో వినిపిస్తోంది. ఎవరో వాతావరణం చెబుతున్నారు.

"కూర్చో" అంది అక్క చివరికి.

"నిలబడే వింటాను."

"ఆ బొమ్మ తీసిన రోజు మొదట రెండు చుక్కలూ కలిసిపోయాయి." అక్క గొంతు తగ్గించింది. "ఆ రోజే కాదు, ఆ నెలంతా అంతే. లోతుగా పెట్టిన రెండు గొట్టాలూ ఒక్క మచ్చలాగే వచ్చాయి. దూరం జరిపితే రెండు. దగ్గరగా పెడితే ఒకటే. నీ గింజ పొడుగు, నేనేం చెయ్యను? డబ్బిచ్చే కమిటీ వాళ్ళకి ఫలితం చూపించకపోతే ల్యాబు మూసేస్తారు."

"ఏం చేశావు?"

అక్క చెప్పింది. చెప్పడం మొదలుపెట్టాక ఆగకుండా, ఎవరో చేసిన పని గురించి చెబుతున్నట్టే చెప్పింది. మాంసానికి బదులు వాళ్ళు పాలు కలిపిన జెల్లీ దిమ్మ పోసి, అందులో లోతున మెరిసే మందు నింపిన సన్నటి గొట్టాలు రెండు పెడతారు. ఆ రోజు అక్క జెల్లీని పల్చగా పోసి, లోపలి మందు మెరిసేలా దిమ్మంతా వెచ్చబెట్టింది. గొట్టాలు పైపైనే ఉన్నాయి. పైపైన ఉన్నదాన్ని చూడటానికి ధ్వనీ అక్కర్లేదు, మిషనూ అక్కర్లేదు, ఉత్త కెమెరా చాలు. రెండు చుక్కలూ చక్కగా విడివిడిగా వచ్చాయి. బొమ్మ కింద మాత్రం లోతుగా తీసినట్టు రాసింది. పక్కనుంచి తీసిన బొమ్మ ఏదని కమిటీ పెద్దలు అడిగితే, పైబొమ్మనే కొంచెం మార్చి పక్కబొమ్మగా పెట్టింది.

"గింజ సంగతి మర్చిపోయాను" అంది.

ఆ ఒక్కమాట దగ్గర బుడగ కుర్చీలో కూర్చుంది. ఆ గింజను పొట్టి చెయ్యడానికే కదా తను ఇన్నేళ్ళూ నీళ్ళ తొట్టి ముందు నడుము వంచింది. ఒక ప్రోబు తర్వాత ఇంకో ప్రోబు, ప్రతిదాన్నీ అక్కకు చూపించి, చూడక్కా వెంట్రుకవాసి తగ్గింది అని గంతులేసింది. అబద్ధం ఆడేటప్పుడైనా ఆ గింజ అక్కకు గుర్తు రాలేదు. చెల్లెలి పనిని ఆమె ఎంత తేలిగ్గా చూసిందో అబద్ధంలో బయటపడింది.

"ఆ రోజు నువ్వు ఫోను చేసినప్పుడు నేనెక్కడున్నానో తెలుసా?"

అక్కకు తెలుసు.

ఆసుపత్రి వరండాలో, బెంచీ మీద, అమ్మ పక్కన. అమ్మ అప్పుడే సూది పరీక్ష చేయించుకుని, దూదిని చంక దగ్గర అదిమిపట్టుకుని బయటికొచ్చింది. మొహం పాలిపోయి ఉంది. ఫోనులో అక్క, రెండూ విడివిడిగా కనిపించాయే అని అరిచినంత పని చేసింది. బుడగ బెంచీ మీదే ఏడ్చేసింది. అమ్మ భయపడి ఏమైందని అడిగితే, కళ్ళు తుడుచుకుంటూ అన్నీ చెప్పింది.

చీకట్లో టార్చి మీద అరచెయ్యి పెడితే చెయ్యంతా ఎర్రగా వెలుగుతుంది గానీ లోపల ఎముకలు కనిపించవు కదమ్మా, అని మొదలుపెట్టింది. మాంసంలో వెలుగు చెదిరిపోతుంది. రోగమున్న చోట చేరి మెరిసే మందు ఉంది, కానీ లోతున ఉంటే ఆ మెరుపు పైకి వచ్చేసరికి ఉత్త మసక. వీధంతా పొగమంచు కమ్మిందనుకో. ఎక్కడో దీపం వెలుగుతోంది, ఏ ఇంట్లోనో తెలీదు. అప్పుడు మనమే ఒక్కో ఇంటి స్విచ్చి వేస్తూ, ఆర్పుతూ పోతే? మంచు వెలిగిందంటే ఇప్పుడు స్విచ్చి వేసిన ఇల్లే అన్నమాట. ధ్వని వెలుగులా చెదిరిపోదు, పంపినచోటికి పోయి అక్కడ రవ్వంత వెచ్చబెడుతుంది. వెచ్చబడితే తప్ప మెరవని మందు అక్క చేసింది. స్విచ్చి వేసే వేలు నాదమ్మా. ఇవాళ పక్కపక్కనున్న రెండిళ్ళు విడిగా కనిపించాయి. నీ బిళ్ళలు కూడా కనిపిస్తాయి. కొన్నాళ్ళు ఆగు, నీ చేతికి ఏమీ కాదు.

అమ్మ అప్పుడు నవ్వింది. పరీక్షలు మొదలైన దగ్గర్నుంచీ నవ్వడం అదే మొదలు.

"నువ్వు చెప్పింది నేను నా నోటితో అమ్మకి చెప్పాను" అంది బుడగ. "నేను చెబితే ఆగింది. నీ అబద్ధాన్ని నా చేత చెప్పించావు."

"అమ్మకి చెప్పమని నేను అన్లేదు."

బావ కాలు బ్రేకు మీదినుంచి తీసేశాడు.

"నాకు అర్థమయ్యేట్టు ఒక్కటి చెప్పు బుడగా" అన్నాడు. "మిషను పని చెయ్యదా?"

"చేస్తుంది బావా. అదే కదా నా ఏడుపు. బిళ్ళ ఒకటే ఉంటే చూపిస్తుంది. రెండు దూరంగా ఉన్నా చూపిస్తుంది. దగ్గరదగ్గరగా ఉంటే మాత్రం నా వేలికి రెండు స్విచ్చులూ ఒకేసారి పడతాయి. రెండిట్లో ఏది వెలిగిందో తెలీదు."

"అత్తయ్యగారికి ఇప్పుడు ఉన్నవి..."

"దగ్గరగానే ఉన్నాయి."

ఆయన భార్య వైపు చూశాడు. కోపంగా కూడా కాదు, కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. మొదట్నుంచీ ఆపరేషనే మంచిదని ఆ ఇంట్లో అన్నవాడు ఆయనొక్కడే. మీకు గేర్లు తెలుసు, గ్రంథులేం తెలుసు అని భార్య నవ్వింది, బుడగా నవ్వింది, అమ్మా నవ్వింది. ఆయన కూడా నవ్వేసి ఊరుకున్నాడు.

"నాకు కూడా చెప్పలేదు నువ్వు" అన్నాడు భార్యతో.

తర్వాత లేచి, ఒక్కొక్క గ్లాసూ తీసి పక్కన పెట్టాడు. ఆఖరి గ్లాసు తీయగానే పోస్టరు తనంతట తనే చుట్టుకుపోయింది. చుక్కలు కనపడకుండా పోయాయి. క్లాసుకు వేళయిందని గొణిగి, బండి తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. అన్నం తినకుండా ఆ మనిషి గడప దాటడం ఇంట్లో ఎవరూ ఎరగరు.

అక్కాచెల్లెళ్ళిద్దరే మిగిలారు.

"నేనిప్పుడే అమ్మకి చెప్పేస్తాను" అని బుడగ లేచింది.

"చెప్పు. ఆపరేషనుకి ఒప్పించు, నేనూ వస్తాను, కాళ్ళమీద పడైనా ఒప్పిద్దాం." అక్క ఆమె మణికట్టు పట్టుకుంది. "బొమ్మ సంగతి ఒక్కటీ చెప్పకు. మిషను ఆలస్యమవుతోందని చెప్పు. అది నిజమే కదా."

"ఇంకో అబద్ధమా?"

"నీ కోసం కూడానే చేసింది. ల్యాబు పోతే నీ ప్రోబు ఏమయ్యేది? రేపు సర్జన్లందరూ వస్తున్నారు. వాళ్ళు ఒప్పుకుంటే పేషెంట్ల మీద పరీక్షలు మొదలవుతాయి. ఈలోపు నీ గింజ పొట్టిదవుతుంది. ఇవాళ అబద్ధమైంది అప్పటికి నిజమైపోతుంది."

అంటున్న మనిషి కళ్ళలో నీళ్ళు నిజమైనవే. అది బుడగకు మరీ కష్టంగా ఉంది. చిన్నప్పుడు కరెంటు పోతే, దుప్పటి కింద టార్చి మీద తన అరచెయ్యి పెట్టి, లోపలేముందో చూద్దామా అన్నది ఈ అక్కే. ఎముకలు కనిపించలేదని తను ఏడిస్తే, పెద్దయ్యాక మనమే చూసే మిషను చేద్దాంలే అని ఊరుకోబెట్టిందీ ఈ అక్కే. కంచే చేను మేస్తే కాపాడేదెవరని సామెత. మేసేటప్పుడు ఆ కంచె ఇంత ప్రేమగా మాట్లాడుతుందని సామెత చెప్పదు.

బుడగ చెయ్యి విడిపించుకుంది. అమ్మ గదిలో రేడియో ఎప్పుడు ఆగిపోయిందో ఇద్దరూ గమనించలేదు.

అమ్మ కిటికీ పక్కన కుర్చీలో, ఒళ్ళో అట్ట పెట్టుకుని బొమ్మ వేస్తోంది. వీధిలో ఎదురింటి మెట్లు. బుడగ దగ్గరకు వెళ్ళాక గానీ అందులో తేడా కనిపించలేదు. గీతలు వణుకుతున్నాయి. మెట్లు ఒకదాని మీదికొకటి జారుతున్నాయి. పెన్సిలు అమ్మ ఎడమచేతిలో ఉంది.

మంచం కింద అట్టపెట్టె నిండా అలాంటి కాగితాలే. అడుగున ఉన్నవి పసిపిల్లలు గీసినట్టున్నాయి. పైకి వచ్చేకొద్దీ కొంచెం మెట్లు, కొంచెం కిటికీలు అవుతున్నాయి.

"ఎప్పట్నుంచమ్మా?"

"నువ్వు బెంచీ మీద చెప్పిన మర్నాటి నుంచి."

"నమ్మలేదా నన్ను?"

"నమ్మాను. వాన రాదని నమ్మినా గొడుగు తీసుకెళ్ళమా ఏంటి?" అమ్మ పెన్సిలు అట్ట మీద పెట్టింది. "కూర్చో. మీ మాటలన్నీ వినపడ్డాయి. తలుపులు వేసుకుని పోట్లాడుకునే అలవాటు మీకు చిన్నప్పుడూ లేదు."

బుడగ కింద కూర్చుని అమ్మ మోకాలి మీద తల పెట్టింది. నా వల్లే ఆగావు, నేనే ఆపాను అంటూ ఏడ్చింది. అమ్మ తల నిమిరింది. నిమిరింది కూడా ఎడమచేత్తోనే. కుడిచెయ్యిని కుర్చీ చేతి మీద కదలకుండా పెట్టుకుంది, ఈ మధ్య అది ఎత్తితే నొప్పి పెడుతోందని ఎవరికీ చెప్పలేదు.

"ఈ వారమే వెళ్దామమ్మా. ఇప్పుడే ఫోను చేస్తాను."

"వెళ్దాం."

బుడగ తల ఎత్తింది. ఇంత తేలికగా ఒప్పుకుంటుందని అనుకోలేదు.

"వెళ్తాను. కోయనీ, తియ్యనీ, చెయ్యి వాస్తే వాయనీ." అమ్మ గొంతు బళ్ళో పాఠం చెప్పినప్పటిలా నిలకడగా ఉంది. "నువ్వు నాకో మాటివ్వాలి. ఆ బొమ్మ గురించి ఎక్కడా నోరు విప్పకూడదు. రేపు మీ అక్క పక్కన నిలబడాలి."

బుడగకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా, విన్నది తప్పేమో అనుకుంది.

"అది అబద్ధం అమ్మా."

"తెలుసు."

"రేపు దాన్ని చూసి సర్జన్లు నమ్ముతారు. ఇంకో ఇంట్లో ఇంకో అమ్మ, మిషను వస్తుందిలే అని నీలాగే ఆగుతుంది."

అమ్మ కిటికీ వైపు చూసింది. ఆ మాట తగలలేదని కాదు, తగిలింది.

"ఇంకో ఇంటి సంగతి నేను చూడలేను. నాకున్నది మీరిద్దరు. నా మూలంగా దాని బతుకు బజారున పడితే, నేను బతికి బట్టకట్టి ఏం లాభం? దగా పడ్డది నేను. గడ్డ పెరిగింది నాకు. నాకు లేని కోపం నీకెందుకు?"

"నేనూ పడ్డానమ్మా దగా."

ఆ మాట చాలా చిన్నగా వచ్చింది. వచ్చాక బుడగ, అమ్మ దాన్ని తీసుకుంటుందని చూసింది. అవునే, నీకూ జరిగింది అని ఒక్కసారి అంటే చాలనుకుంది.

"నువ్వు గట్టిదానివి" అంది అమ్మ. "తట్టుకుంటావు. అది పైకే డాంబికం, ఒక్కసారి పడితే లేవదు. నాకు తెలుసు కదా నా పిల్లల సంగతి."

చిన్నప్పట్నుంచీ విన్న మాటే. పెద్దది పరీక్ష తప్పిందని చిన్నదాని మార్కులు ఎవరికీ చెప్పొద్దన్నప్పుడు ఇదే మాట. పెద్దదానికి పెళ్ళి కుదిరేదాకా చిన్నది నోరు మూసుకుని ఉండాలన్నప్పుడూ ఇదే మాట. గట్టిదానివి అనడం మెచ్చుకోవడమని బుడగ ఇంతకాలం అనుకుంది. బరువు ఎవరి నెత్తిన పెట్టాలో చూసుకుని అనే మాటని ఇవాళ తెలిసింది. అక్క కొట్టింది దెబ్బే. అమ్మ చేస్తున్నది తడిగుడ్డతో గొంతు కోయడం. అది కూడా తన ప్రాణాన్నే కత్తిగా పట్టుకుని.

"నేను ఒప్పుకోకపోతే?"

"నేనూ వెళ్ళను."

బెదిరింపు కాదది. అమ్మకు బెదిరించడం చేతకాదు, అన్నది చెయ్యడమే తెలుసు. పొద్దున సర్జను గారి ముందు లేచి వచ్చేసినట్టే, ఇక్కడా అంతే.

ఫోను బుడగ ఒళ్ళోనే ఉంది. సర్జను గారి నంబరు తెర మీద ఉంది. వీధిలో ఎండ మెట్ల మీదినుంచి దిగి సగానికి వచ్చింది. సాయంత్రం అంటే ఇంకెంతసేపో లేదు. అవునంటే అమ్మ దక్కుతుంది, తను చేసిన పనీ తన మాటా ఆ పోస్టరుతో పాటు అబద్ధంలో చుట్టుకుపోతాయి. కాదంటే నిజం దక్కుతుంది, ఆ రెండు బిళ్ళలూ అమ్మ చంకలోనే ఉంటాయి. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదేనేమో.

అమ్మ కుడిచెయ్యి ఎత్తింది. నొప్పికి పెదవి బిగించి, మెల్లగా చాచింది.

"చేతిలో చెయ్యి వేసి చెప్పు."

కిటికీ అద్దంలో గది తలుపు కనిపిస్తోంది. తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎక్కడినుంచి విన్నదో గానీ, అమ్మ చాచిన చెయ్యి మాత్రం ఆమెకు స్పష్టంగా కనిపిస్తోంది.

బుడగ వెనక్కి తిరగలేదు. అద్దంలోనే చూస్తూ కాచుకుంది. ఒక్క మాట చాలు. వద్దమ్మా, దాన్ని అడక్కు, నా తప్పు నేనే చెప్పుకుంటాను అని ఒక్క మాట. ఆ మాట వస్తే జరిగిందంతా మర్చిపోవడానికి కూడా ఆమె సిద్ధపడింది, అంత పిచ్చిది.

అక్క తలుపును చప్పుడు కాకుండా బయటినుంచి దగ్గరికి లాగింది.

అమ్మ చెయ్యి ఇంకా చాచే ఉంది.